పేరు ఎవరిదో తేల్చేది ఊరు కాదు, తేదీ

రెండు లేబుళ్లు పక్కపక్కన పెట్టుకుని చూద్దాం. ఒకటి నురగలొచ్చే వైన్ సీసా మీద అంటించినది. పెద్దక్షరాల్లో ‘షాంపేన్ తరహా’ అని, కింద తయారైన దేశం పేరు. రెండోది చీజ్ పొట్లం మీది. ‘రోక్‌ఫోర్ తరహా’ అని, కింద అదే దేశం పేరు. రెండింటిలోనూ అబద్ధం ఒక్క ముక్క లేదు. ఎక్కడ తయారైందో రాశారు, అసలుది కాదని ‘తరహా’ అన్న మాటతోనే ఒప్పుకున్నారు. షాంపేన్, రోక్‌ఫోర్ రెండూ ఫ్రాన్సులోని చోట్ల పేర్లే. అయినా ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనల్లో ఈ రెండు లేబుళ్లకూ ఒకే న్యాయం లేదు. మినహాయింపుల సంగతి తర్వాత చూద్దాం గానీ, మామూలుగా అయితే మొదటి లేబుల్ చెల్లదు. కొన్నవాళ్లు మోసపోయారా లేదా అన్న ప్రశ్నే రాదు. రెండోదాన్ని ఆపాలంటే మాత్రం జనం దాన్ని చూసి పొరబడుతున్నారని నిరూపించాలి. పైన ‘తరహా’, కింద దేశం పేరు ఉన్నాక ఆ నిరూపణ దాదాపు అసాధ్యం.

వైన్‌కో న్యాయం, చీజ్‌కో న్యాయం అన్న ఈ తేడా పోవాలని నా గట్టి అభిప్రాయం. అయితే అది పోయినంత మాత్రాన పేర్లన్నీ దక్కుతాయనుకోవడం పొరపాటు. భౌగోళిక గుర్తింపుల చట్టం బయటికి నేల గురించి, నీళ్ల గురించి, తరాల నైపుణ్యం గురించి మాట్లాడుతుంది. లోపలికి వెళ్లి చూస్తే అది తేదీల చట్టం. ఎవరు ముందు వాడారు, ఎవరు ముందు నమోదు చేశారు, ఎవరు ఎన్నేళ్లు ఊరుకున్నారు అన్న లెక్కల మీదే చాలా కేసులు తేలాయి. ఈ సంగతి ఆలస్యంగా తెలిసిన ఉత్పత్తిదారులే పేరు పోగొట్టుకున్నారు.

ముందు నిబంధన ఏమిటో చూద్దాం. మేధోసంపత్తి హక్కుల మీద ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్యదేశాలు చేసుకున్న ట్రిప్స్ ఒప్పందం 1995 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అందులో భౌగోళిక గుర్తింపులకు దక్కినవి మూడే ఆర్టికల్స్: 22, 23, 24. సరుకు ఫలానా దేశంలో గానీ, ప్రాంతంలో గానీ, ఊళ్లో గానీ పుట్టిందని తెలిపే గుర్తు భౌగోళిక గుర్తింపు అని 22వ ఆర్టికల్ నిర్వచిస్తుంది. ఆ సరుకు నాణ్యతో, పేరుప్రతిష్ఠో, మరో లక్షణమో ప్రధానంగా ఆ చోటు వల్లే వచ్చి ఉండాలి. మూడూ అక్కర్లేదు, ఒక్కటి చాలు. గుర్తు అచ్చంగా ఊరి పేరే కావాలన్న నియమమూ లేదు. ఫెటా అంటే ముక్క అని అర్థం, ఆ పేరుతో ఊరేదీ లేదు. బాస్మతి కూడా చోటు పేరు కాదు. అయినా ఆ మాట వినగానే ఒక చోటు తలపుకొస్తే గుర్తింపుగా నిలబడుతుంది.

ఈ నిర్వచనంలోకి వచ్చిన సరుకులన్నిటికీ 22వ ఆర్టికల్ కనీస రక్షణ ఇస్తుంది. జనాన్ని తప్పుదారి పట్టించేలా పేరు వాడితే ఆపవచ్చు, అక్రమ పోటీ అయినా ఆపవచ్చు. కాగితం మీద చదివితే బాగానే ఉంది. ఆచరణలో ఏమవుతుందో వరసగా చూడండి. పేరు వాడుతున్న దేశంలో కేసు వేసే అర్హత తమకు ఉందని ఉత్పత్తిదారుల సంఘం ముందు చూపించాలి. ఆ దేశంలోని కొనుగోలుదారులకు ఈ పేరు వినగానే ఫలానా ప్రాంతం గుర్తొస్తుందని చూపించాలి. అందుకు సాధారణంగా వినియోగదారుల సర్వే చేయించాలి. ఎదుటివాళ్ల లేబుల్ వల్ల వాళ్లు పొరబడుతున్నారని మళ్లీ విడిగా చూపించాలి. ఇన్ని చేసి గెలిచినా ఆ తీర్పు ఆ ఒక్క దేశానికే. పక్క దేశంలో మళ్లీ మొదటి మెట్టు దగ్గర నుంచి ఎక్కాలి. ఇంకో దెబ్బ ఏమిటంటే, ఆ పేరు ఎక్కడిదో వినియోగదారులకు తెలియకపోతే వాళ్లు ‘పొరబడలేదు’ అని తీర్పు వస్తుంది. అంటే కొత్త మార్కెట్లలో, పేరు ఇంకా పాతుకుపోని చోట్ల, 22వ ఆర్టికల్ ఇచ్చే రక్షణ దాదాపు శూన్యం. రక్షణ అందరికంటే ఎక్కువ కావలసింది అక్కడే.

23వ ఆర్టికల్ వైన్లకూ మద్యాలకూ మాత్రమే. అసలు ఎక్కడ తయారైందో రాసినా, పేరును అనువాదం చేసి వాడినా, ‘రకం’, ‘శైలి’, ‘అనుకరణ’ లాంటి మాటలు తగిలించినా ఒప్పుకోదు. పొరబాటు పడ్డారన్న రుజువు అడగదు. లేబుల్ మీద పేరు ఉందా, సరుకు అక్కడి నుంచి వచ్చిందా అన్న రెండే ప్రశ్నలు. కేసు వేసే సంఘానికి ఖర్చు ఎంత తగ్గుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ద్రాక్షరసానికి ఈ పెద్దపీట ఏ సిద్ధాంతం వల్లా దక్కలేదు. ట్రిప్స్ పుట్టిన ఉరుగ్వే రౌండు వాణిజ్య చర్చల్లో వైన్ ఎగుమతి చేసే యూరోపియన్ దేశాలు పట్టుబట్టి సాధించుకున్న రాజీ అది. మిగతా సరుకుల సంగతి తర్వాత చూద్దామన్నారు. 2001 దోహా ప్రకటన 18వ పేరాలో రెండు పనులు పెట్టుకున్నారు. వైన్లకూ మద్యాలకూ అంతర్జాతీయ రిజిస్టరు ఒకటి తయారు చెయ్యడం, 23వ ఆర్టికల్ రక్షణను మిగతా సరుకులకు విస్తరించే విషయం చర్చించడం. రిజిస్టరుకు 2003 కాన్‌కూన్ సమావేశం గడువు అన్నారు. ఆ గడువు దాటిపోయింది. 2008 జులైలో 100కు పైగా సభ్యదేశాలు రెండింటినీ కలిపి ముందుకు తీసుకెళ్లాలని ప్రతిపాదన పెట్టాయి. అమెరికా, ఆస్ట్రేలియా లాంటి దేశాలు ససేమిరా అన్నాయి. అప్పటి నుంచి బండి అక్కడే ఆగింది.

విస్తరణ వద్దనేవాళ్ల వాదనల్లో ఒకదానికి బలం ఉంది. యూరప్ నుంచి వలస వెళ్లినవాళ్లు తమ చేతిపనితో పాటు పేర్లనూ తీసుకెళ్లారు, వంద నూటయాభై ఏళ్లుగా నిజాయితీగా వాడుకుంటున్నారు, ఇప్పుడొచ్చి తీసెయ్యమంటే ఎలా అంటారు. న్యాయమైన ప్రశ్నే. కానీ దానికి జవాబు ఒప్పందంలోనే ఉంది. 24వ ఆర్టికల్ మినహాయింపులు ఆ పాత వాడకాన్ని ఇప్పటికే కాపాడుతున్నాయి. 23ను అన్ని సరుకులకూ విస్తరించినా 24 చెక్కుచెదరదు. వాడుక పేరైపోయినది వాడుక పేరుగానే ఉంటుంది, పాత ట్రేడ్‌మార్కు పాత ట్రేడ్‌మార్కుగానే ఉంటుంది. ఆగేది కొత్తగా మొదలయ్యే దొంగవాడకం ఒక్కటే. అందుకే విస్తరణ మీద అవతలివాళ్ల భయమూ ఎక్కువే, ఇవతలివాళ్ల ఆశా ఎక్కువే. అసలు ఆట 24వ ఆర్టికల్‌లో ఉంది.

అందులో ముందుగా చదవాల్సింది ఆరో క్లాజు. ఏదైనా దేశంలో ఆ పేరు జనభాషలో సరుకుకే మామూలు పేరైపోతే ఆ దేశం దాన్ని కాపాడనక్కర్లేదు. ఇదే జెనరిక్ మినహాయింపు. రోక్‌ఫోర్, గ్రుయేర్ అనే రెండు చీజ్‌ల చరిత్ర పక్కపక్కన పెడితే ఈ క్లాజు ఎలా కోస్తుందో తెలుస్తుంది.

రోక్‌ఫోర్‌కు ఫ్రాన్సులో 1925లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. అమెరికాలో 1953లో ఆ ఊరి పేరు మీదే సర్టిఫికేషన్ మార్కు, అంటే ప్రమాణాలు అందుకున్న సరుకు మీదే వాడనిచ్చే గుర్తు, నమోదైంది. తర్వాత న్యూయార్క్ దిగుమతిదారు ఒకరు హంగరీ, ఇటలీల్లో తయారైన గొర్రెపాల చీజ్‌ను ఆ పేరుతో అమ్మితే కోర్టుకు లాగారు. 1962లో అప్పీలు కోర్టు రోక్‌ఫోర్ వైపే తీర్పిచ్చింది. ఆ పేరుతో అమెరికాలో వేరే ఊరి సరుకు నిలదొక్కుకోక ముందే అడ్డుపడ్డారు కాబట్టి, అది మామూలు పేరైపోయిందని ఎవరూ నిరూపించలేకపోయారు.

గ్రుయేర్ కథ వేరు. స్విట్జర్లాండ్, ఫ్రాన్సు ఉత్పత్తిదారుల సంఘాలు ఆ ఒక్క మాట కోసం అమెరికాలో సర్టిఫికేషన్ మార్కుకు దరఖాస్తు చేసింది 2015లో. అప్పటికే అమెరికా ఆహార శాఖ ‘గ్రుయేర్’ అనే చీజ్‌కు ప్రమాణాలు రాసిపెట్టింది. చిన్న కన్నాలుండాలి, కనీసం 90 రోజులు మాగాలి అని ఉంది గానీ, ఎక్కడ తయారవ్వాలో ఒక్క మాట లేదు. ఆ పేరుతో వేరే దేశాల చీజ్ దిగుమతి అవుతోంది, అమెరికాలోనూ తయారవుతోంది. 2023 మార్చిలో అప్పీలు కోర్టు అది మామూలు పేరేనని తేల్చేసింది. స్విట్జర్లాండ్‌లో ఆ పేరుకు ఎంత గట్టి రక్షణ ఉన్నా అక్కడ అక్కరకు రాలేదు. రోక్‌ఫోర్‌కు నేల మహిమ ఎక్కువనీ, గ్రుయేర్‌కు తక్కువనీ ఆ కోర్టులేవీ అనలేదు. తేడా 1953కీ 2015కీ మధ్య ఉంది.

సొంత ఇంట్లోనే పేరు మామూలైపోయిన ఉదాహరణ కమాంబేర్. నార్మండీలోని ఒక పల్లె పేరు అది. ఆ పల్లె చీజ్‌కు గిరాకీ పెరిగేకొద్దీ ఫ్రాన్సు అంతటా తయారు చేశారు. 1926లో ఫ్రాన్సు కోర్టే దాన్ని మామూలు పేరని చెప్పింది. 1983లో రక్షణ వచ్చింది గానీ, ‘కమాంబేర్ ద నార్మండీ’ అన్న పొడుగు పేరుకు మాత్రమే. గౌడా, చెడ్డార్‌ల గతీ అంతే. ‘గౌడా హాలండ్’ అన్న జంటపేరుకు రక్షణ ఉంది, ఒంటిగా ‘గౌడా’ అంటే ఎవరైనా పెట్టుకోవచ్చు. కొత్తగా నమోదుకు వెళ్లే సంఘాలు దీన్నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. ఊరి పేరూ సరుకు పేరూ కలిపి ఒకే మాటగా నమోదు చేసుకుంటే, అందులో ఏ ముక్కకు రక్షణ అడుగుతున్నారో దరఖాస్తులోనే స్పష్టంగా రాయాలి. లేదంటే తర్వాత ఎదుటివాళ్లు సగం మాట పట్టుకుపోతారు.

ఐదో క్లాజు ట్రేడ్‌మార్కులది. ఎవరైనా సదుద్దేశంతో ఆ పేరును ముందే ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకుని ఉంటే, తర్వాత వచ్చిన భౌగోళిక గుర్తింపు దాన్ని పడగొట్టలేదు. ‘ముందే’ అంటే ఏ తేదీకి ముందు అన్నదే కీలకం. రెండు తేదీలున్నాయి. ఆ దేశంలో ఈ నిబంధనలు అమల్లోకి వచ్చిన తేదీ ఒకటి, ఆ పేరుకు సొంత దేశంలో రక్షణ దొరికిన తేదీ ఇంకొకటి. ఈ రెంటిలో దేనికి ముందు వచ్చినా ట్రేడ్‌మార్కు బతికిపోతుంది.

పార్మా పంది తొడ మాంసం అందుకు సాక్ష్యం. ఇటలీ 1970 జులైలో దానికి చట్టం చేసింది. కెనడాలో 1971లో వేరే కంపెనీ ‘పార్మా’ను ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకుంది. కెనడాలో ట్రిప్స్ నిబంధనలు రావడానికి అది ఎన్నో ఏళ్ల ముందు. దాన్ని రద్దు చేయించాలని ఇటలీ సంఘం వేసిన కేసు ఓడిపోయింది. ఫలితంగా అసలు పార్మాలో తయారైన మాంసం కెనడా దుకాణాల్లో తన పేరుతో తాను అమ్ముడుపోలేక, ‘ఒరిజినల్ ప్రోషుటో’ అని చెప్పుకోవాల్సి వచ్చింది. 2017లో యూరప్–కెనడా వాణిజ్య ఒప్పందం తాత్కాలికంగా అమల్లోకి వచ్చాకే రెండూ పక్కపక్కన ఉండేందుకు దారి దొరికింది. సొంత పేరు వాడుకోవడానికి రెండు ప్రభుత్వాలు సంధి చేసుకోవాల్సి రావడం ఎంత అన్యాయమో ఆలోచించండి. పక్కనే ఏడో క్లాజు ఇంకో గడియారం తిప్పుతుంది. ట్రేడ్‌మార్కు మీద అభ్యంతరం చెప్పడానికి, ఆ వాడకం అందరికీ తెలిసినప్పటి నుంచి గానీ, నమోదై ప్రచురితమైనప్పటి నుంచి గానీ ఐదేళ్ల గడువే ఏ దేశమైనా పెట్టుకోవచ్చు. పేరును చెడు ఉద్దేశంతో వాడినవాళ్లకు, నమోదు చేసుకున్నవాళ్లకు మాత్రం ఈ రక్షణ లేదు.

వైన్ల పాత వాడకానికి నాలుగో క్లాజులో ప్రత్యేకమైన తేదీ ఉంది. 1994 ఏప్రిల్ 15కు ముందు కనీసం పదేళ్లు ఎడతెగకుండా వాడినా, లేదా ఆ తేదీకి ముందు సదుద్దేశంతో వాడినా కొనసాగించుకోవచ్చు. అందుకే 23వ ఆర్టికల్ ఉన్నా అమెరికాలో ‘కాలిఫోర్నియా షాంపేన్’ సీసాలు పోలేదు. 2006 మార్చి 10న యూరప్‌తో వైన్ ఒప్పందం కుదిరినప్పుడు, అప్పటికే ఉన్న లేబుళ్లు ఉండొచ్చు, కొత్తవి రాకూడదు అని గీత గీశారు.

ఇక తొమ్మిదో క్లాజు. ఉత్పత్తిదారులందరూ మొట్టమొదట చదవాల్సింది దీన్ని. సొంత దేశంలో రక్షణ లేని పేరును, రక్షణ పోయిన పేరును, వాడకం తప్పిన పేరును మరే దేశమూ కాపాడక్కర్లేదు. 1997లో అమెరికాలో ఒక కంపెనీకి బాస్మతి వంగడాల మీద పేటెంటు వచ్చినప్పుడు భారత్‌లో భౌగోళిక గుర్తింపుల చట్టమే లేదు. చట్టం 1999లో చేశారు, 2003 సెప్టెంబరు 15న అమల్లోకి వచ్చింది. బాస్మతి నమోదు 2016లో గానీ పూర్తి కాలేదు. పాకిస్థాన్ అయితే 2020 దాకా చట్టమే చెయ్యలేదు. బాస్మతి రెండు దేశాల్లోనూ పండుతుంది. భారత్ 2018లో యూరప్‌లో దరఖాస్తు పెట్టింది, అది ప్రచురితమయ్యాక పాకిస్థాన్ అభ్యంతరం చెప్పింది. సరిహద్దుకు రెండు వైపులా ఒకే పేరు ఉంటే ఉమ్మడిగా ఎలా నమోదు చెయ్యాలో ట్రిప్స్ ఎక్కడా చెప్పదు. 23వ ఆర్టికల్ మూడో క్లాజు (23.3) ఉంది గానీ అది ఒకేలా వినిపించే రెండు వేరువేరు చోట్ల పేర్లకు, అదీ వైన్లకే. ఒప్పందంలో ఇది పెద్ద లోటు. రెండు ప్రభుత్వాల మధ్య రాజకీయం ఎలా ఉంటే పేరు భవిష్యత్తు అలా ఉంటుంది.

జెనీవాలోని ప్రపంచ వాణిజ్య సంస్థలో బండి ఆగింది కాబట్టి గత ఇరవై ఏళ్లలో పని అంతా ద్వైపాక్షిక ఒప్పందాల్లో జరిగింది. అక్కడా తేదీల బేరమే. యూరప్–కెనడా ఒప్పందంలో ఫెటా పేరును 2013 అక్టోబరు 18కు ముందు నుంచి వాడుతున్న కెనడా కంపెనీలు వాడుకోవచ్చు. ఆ తర్వాత వచ్చినవాళ్లు ‘ఫెటా తరహా’ అనే రాయాలి. ఆస్ట్రేలియా యూరప్‌తో కుదుర్చుకున్న వైన్ ఒప్పందం 2010 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చింది. ఏడాదిలోగా షాంపేన్, పోర్ట్, షెర్రీ పేర్లు వదిలేశారు, టోకేకు పదేళ్లు గడువిచ్చారు. షెర్రీకి బదులు ‘అపేరా’, టోకేకు బదులు ‘టోపేక్’ అని కొత్త పేర్లు పెట్టుకున్నారు. వలసవాదం తెచ్చిన పేర్లను వదులుకుంటే పరిశ్రమ కూలిపోతుందన్న వాదనకు ఇంతకంటే మంచి జవాబు లేదు.

అయితే ఈ ఒప్పందాల్లో నలిగిపోయినవాళ్లూ ఉన్నారు. స్విట్జర్లాండ్‌లోని వో రాష్ట్రంలో షాంపేన్ అనే ఊరు ఉంది. అక్కడివాళ్లు తమ ఊరి ద్రాక్షతో, తమ ఊరి పేరుతో మామూలు తెల్ల వైన్ అమ్ముకునేవాళ్లు, అందులో నురగ కూడా ఉండదు. యూరప్‌తో స్విట్జర్లాండ్ 1999లో చేసుకున్న ఒప్పందం ప్రకారం 2004 నుంచి వాళ్ల సీసా మీద వాళ్ల ఊరి పేరు పనికిరాకుండా పోయింది. ఒకే పేరున్న రెండు చోట్లకూ రక్షణ ఇవ్వమని 23.3 చెబుతూనే ఉంది. ఆచరణలో వేరుచేసి చూపే లేబుల్ పద్ధతి పెట్టుకోవచ్చు. గుర్తింపుల కోసం గట్టిగా వాదించేవాళ్లం ఈ ఊరి విషయంలో జరిగింది తప్పని ఒప్పుకోవాలి. నిజమైన చోటును కాపాడటమే మన వాదన అయితే ఆ చిన్న ఊరూ నిజమైన చోటే.

అవతలి శిబిరమూ ఊరుకోలేదు. పసిఫిక్ దేశాల సమగ్ర వాణిజ్య ఒప్పందంలో, 2018 చివర అమల్లోకి వచ్చినదాంట్లో, పేరు మామూలైపోయిందా అని ఎలా చూడాలో రాసుకున్నారు. నిఘంటువులు, పత్రికలు, వెబ్‌సైట్లు ఏమంటున్నాయి, ఆ దేశంలో సరుకు ఎలా అమ్ముడవుతోంది అన్నవి ఆధారాలు. అంటే వంటల పుస్తకంలోనో, నిఘంటువులోనో ఊరి పేరు ప్రస్తావన లేకుండా సరుకు పేరు వస్తే అది రేపు సాక్ష్యం అవుతుంది. ఉత్పత్తిదారుల సంఘాలు నిఘంటువుల సంపాదకులకు, పత్రికలకు సవరణ ఉత్తరాలు రాయడం చాదస్తం అనిపించవచ్చు. కానీ ఆ ఉత్తరాలే కేసులో పనికొస్తాయి.

ట్రేడ్‌మార్కుకూ భౌగోళిక గుర్తింపుకూ మధ్య గొడవను వాణిజ్య సంస్థ వివాద మండలి ఒకసారి నేరుగా తేల్చింది. ఆహార సరుకుల భౌగోళిక పేర్ల రక్షణకు యూరప్ 1992లో చేసిన నియమావళి మీద అమెరికా, ఆస్ట్రేలియా ఫిర్యాదు చేశాయి. 2005 ఏప్రిల్ 20న ఆమోదం పొందిన నివేదిక రెండు సంగతులు చెప్పింది. బయటి దేశాల పేర్లు నమోదు చెయ్యాలంటే ఆ దేశం కూడా అలాంటి రక్షణే ఇవ్వాలి, దరఖాస్తు ఆ ప్రభుత్వం ద్వారానే రావాలి అన్న షరతులు తప్పు. పాత ట్రేడ్‌మార్కుతో పాటు తర్వాతి గుర్తింపు పక్కపక్కన ఉండటం మాత్రం పరిమిత మినహాయింపుగా చెల్లుతుంది. యూరప్ 2006లో నియమావళి మార్చింది. 2007లో ‘కఫే ద కొలంబియా’ యూరప్ బయటి నుంచి అక్కడ నమోదైన మొదటి ఆహార సరుకు అయింది. బయటి చిన్న దేశాల ఉత్పత్తిదారులకు తలుపు తెరుచుకున్నది ఆ ఫిర్యాదు వల్లే.

పేరు నిలబెట్టుకోవాలనుకునే సంఘం చేతిలో ఉన్న మొదటి ఆయుధం స్పెసిఫికేషన్ పత్రం. పేరు, సరుకు వర్ణన, ప్రాంతం హద్దులు, తయారీ పద్ధతి, సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో చూపే రికార్డులు, తనిఖీ చేసేదెవరు, లేబుల్ ఎలా ఉండాలి. ఇవన్నీ రాయడం తేలికే. ఎక్కువ దరఖాస్తులు తడబడేది ‘చోటుకూ సరుకుకూ సంబంధం’ అన్న భాగంలో. ‘ఇక్కడి నేల, నీరు, గాలి ప్రత్యేకం, తరతరాల నైపుణ్యం’ అని రాసి పంపితే అభ్యంతరాలు తప్పవు. సంబంధం అంటే గొలుసు. చోటులోని ఫలానా అంశం, దానివల్ల తయారీలో జరిగే ఫలానా మార్పు, దానివల్ల సరుకులో కొలవగలిగే ఫలానా లక్షణం. రోక్‌ఫోర్‌దే తీసుకోండి. కొంబలూ సున్నపురాతి గుట్ట కూలినప్పుడు రాళ్ల మధ్య పొడవాటి నెర్రెలు ఏర్పడ్డాయి. వాటిని అక్కడ ఫ్లోరిన్లు అంటారు. వాటిలోంచి చల్లటి తేమగాలి ఏడాది పొడవునా గుహల్లోకి వీస్తుంది. ఆ చల్లదనంలో, తేమలో నీలి బూజు చీజ్ లోపలికి నెమ్మదిగా పాకుతుంది. అందుకే కనీసం 90 రోజుల మాగుడులో కనీసం 14 రోజులు ఆ గుహల్లోనే ఉండాలని నియమం. గుట్ట నుంచి నాలుక దాకా ఎక్కడా తెగని గొలుసు అది. నాణ్యత మీద ఇలాంటి గొలుసు చూపలేకపోతే, పేరుప్రతిష్ఠ మీద ఆధారపడి దరఖాస్తు రాసి, పాత పత్రాలు, ఎగుమతి బిల్లులు, ప్రకటనలు జతచెయ్యడం మేలు. రెండూ కలగాపులగం చేస్తే రెండూ పోతాయి.

రెండోది తనిఖీ. పర్మిజానో రెజానో చీజ్ చక్రం ఒకటి దాదాపు 40 కిలోలుంటుంది, దానికి దాదాపు 550 లీటర్ల పాలు పడతాయి. ప్రతి చక్రానికీ పాల ప్రొటీన్ అయిన కేసీన్‌తో చేసిన చిన్న బిళ్ల, దాని మీద విడి సంఖ్య ఉంటుంది. 12 నెలలు నిండాక నిపుణుడు చిన్న సుత్తితో తట్టి చప్పుడు వింటాడు. లోపల పగులున్నా బొరియ ఉన్నా శబ్దంలో తెలుస్తుంది. తప్పినవాటి తొక్క మీది గుర్తులు గీకేస్తారు, ఆ పేరుతో అమ్మనివ్వరు. ఈ గీకడం చేసే ధైర్యం లేని సంఘం బయటి దేశంలో కేసు గెలవలేదు. ఎదుటి లాయరు మొదట అడిగేది ‘మీవాళ్లలో తప్పినవాళ్ల మీద ఏం చర్య తీసుకున్నారు’ అనే. అమెరికాలో సర్టిఫికేషన్ మార్కు యజమాని అదుపు చూపకపోతే ఆ మార్కునే రద్దు చేయించవచ్చు. ఇంకో సంగతి, అక్కడ మార్కు యజమాని తాను ఆ సరుకు తయారు చెయ్యకూడదు, ప్రమాణాలు అందుకున్నవాళ్లెవరికీ కాదనకూడదు. ఉత్పత్తి చేసే సహకార సంఘమే మార్కు తన పేరున పెట్టుకుంటే అదే దానికి ఉరితాడు అవుతుంది.

నియమాలు అందరికీ తెలిసేలా ప్రచురించడమూ తనిఖీలో భాగమే. పార్మా మాంసాన్ని ప్రాంతంలోనే ముక్కలు కోసి ప్యాక్ చెయ్యాలన్న షరతు న్యాయమైనదేనని యూరప్ న్యాయస్థానం 2003లో ఒప్పుకుంది. కానీ ఆ షరతు యూరప్ స్థాయిలో వ్యాపారులకు తెలిసేలా ప్రచురించలేదు కాబట్టి బ్రిటన్‌లో కోసి అమ్మినవాళ్ల మీద చెల్లదని చెప్పింది. షరతు సరైనదే, ప్రచురణ లోపించింది, కేసు పోయింది. ఎగుమతి సరుకునూ వదలకూడదు. డెన్మార్క్ కంపెనీలు తమ చీజ్‌ను యూరప్ బయటికి ఫెటా పేరుతో పంపుతుంటే డెన్మార్క్ ఆపలేదు. 2022 జులైలో ఆ దేశానిదే తప్పని న్యాయస్థానం తేల్చింది. ఫెటాకు అది తేలికగా దక్కిన గెలుపు కాదు. ఆ పేరు 1996లో నమోదైంది, 1999లో రద్దయింది, 2002లో మళ్లీ నమోదైంది, 2005లో గానీ న్యాయస్థానంలో నిలబడలేదు.

అన్నిచోట్లా గుర్తింపు చట్టమే సరైన దారి అని కూడా అనను. ఇథియోపియా 2005లో సిడామో, హరార్, యిర్గచెఫె కాఫీ పేర్లను అమెరికాలో ట్రేడ్‌మార్కులుగా నమోదు చెయ్యడానికి దిగింది. లక్షలాది చిన్న రైతుల మడులకు హద్దులు గీసి, ఒక్కొక్క సంచినీ తనిఖీ చేసే వ్యవస్థ నడపాలంటే ఆ ఖర్చు రైతు మీదే పడుతుంది. పేర్ల యజమానిగా ప్రభుత్వమే నిలబడి లైసెన్సులు ఇస్తే ఆ ఖర్చు తప్పుతుంది. అమెరికా కాఫీ వ్యాపారుల సంఘం అడ్డుపడినా, 2007లో స్టార్‌బక్స్‌తో ఒప్పందం దాకా వచ్చింది. తనిఖీ పెట్టుకోలేని చోట ఈ దారి ఆలోచించాలి.

చాలా దేశాల్లో ఒకేసారి నమోదు కావాలంటే లిస్బన్ వ్యవస్థ ఉంది. 1958 ఒప్పందానికి 2015లో జెనీవా చట్టం తోడైంది, అది 2020 ఫిబ్రవరి 26న అమల్లోకి వచ్చింది. అంతర్జాతీయ నమోదు రుసుము 1,000 స్విస్ ఫ్రాంకులు. సభ్యదేశానికి తిరస్కరించడానికి ఏడాది గడువుంటుంది. తిరస్కరించకపోతే, సొంత దేశంలో రక్షణ ఉన్నంతకాలం అక్కడ ఆ పేరు మామూలు పేరు అయిపోయిందని అనడానికి వీల్లేదు. 24వ ఆర్టికల్ ఆరో క్లాజు దెబ్బకు ఇంతకు మించిన కవచం మరే ఒప్పందంలోనూ లేదు. అమెరికా, భారత్ అందులో లేవు. భారత్ చేరాలని నా వాదన. సొంత రిజిస్టరులో పేర్లు వందల్లో ఉన్న దేశం ఆ గది బయట నిలబడటం వల్ల నష్టమే ఎక్కువ.

లిస్బన్ లేని దేశాల్లో మిగిలేది కాపలా. కొత్త ట్రేడ్‌మార్కు దరఖాస్తు ప్రచురితమయ్యాక అభ్యంతరం చెప్పే గడువు అమెరికాలో 30 రోజులు, అడిగితే పొడిగిస్తారు. బ్రిటన్‌లో రెండు నెలలు. జపాన్‌లోనూ రెండు నెలలే, కాకపోతే అక్కడ లెక్క మార్కు నమోదై ప్రచురితమైనప్పటి నుంచి. యూరప్‌లో, చైనాలో మూడేసి నెలలు. భారత్‌లో నాలుగు నెలలు. ఈ గడువుల్లోపు ఆపితే ఖర్చు ఒక అభ్యంతర పత్రానికి అయ్యేంత. దాటితే రద్దు కేసు, పైన చెప్పిన ఐదేళ్ల గడియారం, ‘ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నారు’ అన్న ప్రశ్న. ముఖ్యమైన ఎగుమతి దేశాల గెజిట్లలో పేరును, దాని అనువాదాలను, స్పెల్లింగు మార్పులను, ఉచ్చారణ దగ్గరగా ఉన్న మాటలను నెలనెలా వెతికించే ఏర్పాటుకు సంఘం బడ్జెట్‌లో నమోదు ఖర్చు కంటే ముందే డబ్బు పక్కన పెట్టాలి. నమోదు ఖర్చు ఒక్కసారిది. గెజిట్ మాత్రం మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది.